మా గుమ్మం మాట

ఆ ఏడు దురియన్లు విరగకాశాయి. ఎన్నికలూ అప్పుడే వచ్చిపడ్డాయి. పండ్లు రాలే రోజుల్లో ఓట్లు పెట్టిన పెద్దమనిషెవరో గానీ ఆయనకు మా ఏటి సంగతి బొత్తిగా తెలియదు. ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ చెట్ల కింద కాపలా పాకల్లో ఉంటాం. దురియన్ పనసలాంటి ముళ్ల పండే గానీ దాన్ని కొయ్యకూడదు, తనంతట తాను రాలాలి, రాలినప్పుడు మనం అక్కడ ఉండాలి, లేకపోతే పందులు ఉంటాయి. ప్రచారానికి వచ్చినవాళ్లు మెగాఫోన్లు పట్టుకొని మా వసారాలో కుక్కలకు దండాలు పెట్టి పోయారు.

మాది పదహారు గుమ్మాల పొడుగిల్లు. ముందు అందరికీ కలిపి ఒకటే వసారా, వెనక గుమ్మానికో కుటుంబం. పుట్టినింట్లో నిలిచినవాళ్లదే గుమ్మం, ఆడైనా మగైనా. పెళ్లాడి వచ్చినవాళ్లు ఆ గుమ్మం కిందికి వస్తారు. ఎనిమిదో గుమ్మం నాది. అమ్మమ్మ రెముయాన్ నుంచి అమ్మకు, అమ్మ నుంచి నాకు వచ్చింది. మా ఆయన పేరు బెలాయోంగ్, పక్క ఏటి మనిషి. బడిపంతులుగా వచ్చి, ఒక చాపా ఒక పుస్తకాల పెట్టే పట్టుకొని నా గుమ్మంలోకి ఇల్లరికం వచ్చాడు.

తరవాత వైబీ అయ్యాడు. రాష్ట్ర శాసనసభకు గెలిచినవాణ్ణి మా దగ్గర అలాగే పిలుస్తారు, గౌరవనీయులని. ఊరందరికీ వైబీ, నాకు మాత్రం ఉంబత్ నాన్న. ఉంబత్ మా అబ్బాయి, మిరి పట్నంలో చమురు కంపెనీలో పని చేస్తాడు. మొదటిసారి నిలబడ్డప్పుడు ఈయనకు పడవ అరువు, ఇంజను అరువు, వేసుకున్న చొక్కా మా తమ్ముడిది. కలప కంపెనీ మా ఎగువనున్న ఉమ్మడి అడవి మీద కన్నేసిందని తెలిసి పంతులుద్యోగానికి రాజీనామా ఇచ్చి నిలబడ్డాడు, గెలిచాడు. రెండోసారీ గెలిచాడు. సభలో ఎప్పుడు లేచినా అడవి గురించీ ఏటి నీళ్ల గురించీ తప్ప మాట్లాడడు. అవతలి పార్టీవాళ్లు 'కోతుల వైబీ' అని పేరు పెట్టారు. ఈయన ఆ పేరును బిరుదులా మోశాడు. కంపెనీవాళ్లను అడవి అంచు నుంచి ఎన్నిసార్లు వెనక్కి పంపించాడో చెప్పలేను. ఆ విషయంలో నా మొగుడంటే నాకు గర్వంగానే ఉండేది, ఎందుకు దాచాలి.

అందుకే ఆ ఏడు ఆయన రాజధాని కూచింగ్ నుంచి వచ్చిన తీరు నాకు నచ్చలేదు. ఎప్పుడొచ్చినా మెట్టు ఎక్కుతూనే "నీళ్లెలా ఉన్నాయి?" అని అడిగేవాడు, పెళ్లాం ఎలా ఉందని తరవాత. ఆ రోజు ఏమీ అడగలేదు. తల వంచుకొని లోపలికి వచ్చి స్నానానికి పోయాడు.

మా గదుల మధ్య గోడలో చిన్న కిటికీ ఉంటుంది, ఉప్పూ నిప్పూ ఇచ్చిపుచ్చుకోవడానికి. ఆ కిటికీలోంచి ఏడో గుమ్మం ఎంబువాస్ అత్త తల పెట్టింది.

"ఏమే ఉంబత్ అమ్మా, మీ ఆయన ఎవరి పడవలో దిగాడో చూశావా?"

"కంపెనీ పడవలో. ఇంజను పాడైందటగా."

"పాడైందా! మా మేనల్లుడు నిన్న అదే ఇంజను మీద బజారుకెళ్లొచ్చాడు. వాడుకోరా అబ్బీ అని కూచింగ్ వెళ్లేముందు మీ ఆయనే ఇచ్చాడట. చెడిపోయిన ఇంజను అంత బాగా పరిగెడుతుందని నాకు తెలీదమ్మా."

అన్నం పెడుతూ అడిగాను. "ఇంజనుకేమొచ్చింది?"

"ఏదో ప్లగ్గు."

"ప్లగ్గు పోయినా ఎంబువాస్ అత్త మేనల్లుణ్ణి బజారుదాకా మోసిందటగా!"

ఆయన తల ఎత్తలేదు. "చేపలో ఉప్పు తక్కువైంది" అన్నాడు. అన్నేళ్ల కాపురంలో నా వంటకు వంక పెట్టడం అదే మొదలు. నాకు ఒళ్లు మండింది గానీ ఊరుకున్నాను. అనుమానం వచ్చిన ఆడది అరిస్తే మొగుడు జాగ్రత్త పడతాడు. నాకు ఆయన జాగ్రత్త పడకుండా ఉండడమే కావాలి.

వారం తిరక్కుండా కంపెనీ మనిషి జెరాల్డ్ వచ్చాడు. మావాడే, మా భాషే, దిగువ ఏటి కుర్రాడు. బిస్కట్ డబ్బాలు, పిల్లలకు టోపీలు, ఇంటిపెద్ద కలోమ్ తాతకు సిగరెట్లు తెచ్చాడు. వసారాలో చాపలు పరిచారు, తువాక్ పోశారు. బియ్యపు కల్లు దిగితే మా ఇంట్లో ఎవరూ ఎవరికీ శత్రువులు కారు. జెరాల్డ్ అందరినీ వరసలు పెట్టి పలకరించాడు. నన్ను 'అత్తా' అన్నాడు. ఎంబువాస్ అత్తను "ఇంకా పెళ్లి చేసుకోలేదేం?" అని నవ్వించాడు. మా ఆయన వైపు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. ఈయనా వాడి వైపు చూడలేదు.

పోయిన ఎన్నికల్లో ఇదే వసారాలో ఇద్దరూ గొంతులు చించుకుంటే కలోమ్ తాత మధ్యలోకొచ్చి విడదీశాడు. కొట్టుకునేవాళ్లు ఒకరినొకరు చూసుకుంటారు. చూసుకోకుండా తప్పుకుంటున్నారంటే లోపల ఏదో కుదిరిందన్నమాట. నేను తువాక్ పోస్తూ ఇద్దరి కళ్లూ కనిపెట్టి కూర్చున్నాను.

వసారాలో గుసగుసలు మొదలయ్యాయి. వైబీని కొనేశారట. వైబీకి ఈసారి పెద్ద పార్టీ టిక్కెట్టట, గెలిస్తే మంత్రట. నేను వస్తుంటే మాటలాపి పిల్లల జుట్టు దువ్వేవాళ్లు. ఎంబువాస్ అత్త ఒక్కతే మొహం మీద అడిగింది.

"మంత్రి పెళ్లానివైతే ఈ కిటికీ మూసేస్తావా ఏమిటే?"

"మూయను అత్తా. నీ నోరు మూసే మంత్రి ఇంకా పుట్టలేదు."

నవ్వింది గానీ ఆమె కళ్లు నవ్వలేదు. ఆమె కొడుకులు ఆ అడవిలోనే పంది కొడతారు, పేము తీగ తీస్తారు. అడవి పోతే ఆమె పొయ్యి ఆరిపోతుంది.

ఒక మధ్యాహ్నం పాతింటి గట్టుకు వెళ్లాను. మా పాత పొడుగిల్లు అక్కడే ఉండేది, ఏటి వంపులో. ఇల్లు విడిచి వచ్చేశాం గానీ చెట్లను ఎవరు విడుస్తారు? గట్టు మీదివన్నీ అమ్మమ్మ నాటినవే. ప్రతి దురియన్ చెట్టుకూ పేరుంది. మొదటిది దొంగచెట్టు, దాని పండ్లు దొర్లి ఏట్లో పడి దిగువవాళ్లకు పోతాయి. దాని వెనక ఉన్నది చెవిటిచెట్టు, కింద బురద గనక పండు పడ్డా చప్పుడు రాదు, కళ్లు పెట్టుకొని కూర్చోవాల్సిందే. ఆ చెవిటిచెట్టు పండు పసుపచ్చగా, కొంచెం చేదుగా ఉంటుంది. మా ఆయనకు దానిమీద పిచ్చి. కూచింగ్‌లో సభ జరుగుతున్నా ఆ పండు కోసం ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చేసిన రోజులున్నాయి.

ఆ రోజు చెవిటిచెట్టు మొదలుకు ఎర్ర రిబ్బను కట్టి ఉంది. దొంగచెట్టుకూ ఉంది. ఏటి అంచు దాకా వరసగా కట్టుకుంటూ పోయారు. ఇంటికొచ్చి అడిగితే మా ఆయన, "సర్వేవాళ్లేమో, అన్నిచోట్లా కడుతుంటారు" అన్నాడు. అడవిలో చెట్టుకు గీత పడితే సభ దద్దరిల్లేలా అరిచే మనిషి, పెళ్లాం చెట్లకు రిబ్బను కడితే 'ఏమో' అన్నాడు.

నేను పోట్లాడలేదు. మర్నాడు "కాపలాకు నాతో రా, ఒక్కదాన్నే ఉండలేను" అన్నాను. వచ్చాడు. పాకలో కూర్చున్నాం. వాన సన్నగా పడుతోంది. మధ్యాహ్నానికి చెవిటిచెట్టు కింద ఒక పండు కనబడింది, బురదలో సగం దిగి. కడిగి, కత్తితో చీల్చి, మొదటి తొన ఆయన ముందు పెట్టాను.

"తిను. ఈ ఏడాది ఈ చెట్టుకు ఇదే మొదటిది."

మా దగ్గర తినమని పెడితే కాదని లేచిపోకూడదు. కడుపు నిండి ఉన్నా, తొందరలో ఉన్నా, కనీసం వేలితో ముట్టుకొని ఆ వేలు గొంతుకు రాసుకొని వెళ్లాలి. లేకపోతే దారిలో పామో మొసలో కాచుకొని ఉంటుంది. దారిన పోయేవాళ్లు అలా చేస్తారు, ఓట్లకొచ్చేవాళ్లు చేస్తారు, తొందర మీదున్న చుట్టాలు చేస్తారు.

మా ఆయన చెయ్యి చాపి, తొన మీద వేలు ఆనించి, గొంతుకు రాసుకున్నాడు. "ఆకలిగా లేదు" అన్నాడు.

ఇంటి మనిషి ఇంటి పండును అలా ముట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎవరికిచ్చేశావు?" అన్నాను.

"ఏమిటి?"

"నా చెట్లు. ఎవరికిచ్చేశావు?"

పంతులు కదా, మొదలుపెడితే పాఠంలా చెప్పాడు. కొండ అవతల కంపెనీకి లైసెన్సు ఎప్పటినుంచో ఉంది. దుంగలు ఏటికి దింపడానికి దారి కావాలి. దారి మా ఉమ్మడి అడవిలోంచి వేస్తే అడవి పోతుంది, ఏరూ పోతుంది. ఈ గట్టు మీదుగా వేస్తే గట్టు ఒక్కటే పోతుంది. గట్టు ఇస్తే, ఎన్నికల కోసం శాసనసభ రద్దయ్యేలోపల ఎగువ అడవి మొత్తాన్ని మా ఇంటి ఉమ్మడి అడవిగా సర్కారు రాసిస్తుంది, ఇక ఎవరూ అడగడానికి వీల్లేదు. మంత్రీ ఒప్పుకున్నాడు, కంపెనీ ఒప్పుకుంది. ఇంట్లోవాళ్లు అందరూ సరేననాలి, అంతే.

"అందరూ అంటే?"

"ప్రతి గుమ్మం."

"ఈ గట్టు ఏ గుమ్మానిది?"

"ఎనిమిదోది."

"మాటిచ్చింది ఎవరు?"

కత్తికంటిన గుజ్జు ఆకుతో తుడిచాడు.

"నీ చాప ఇవ్వు, నీ పుస్తకాల పెట్టె ఇవ్వు, ఎవరొద్దన్నారు? అమ్మమ్మ చెట్లు ఇవ్వడానికి నువ్వెవడివి? అడవిలో కొండముచ్చును కూడా అడగందే కొమ్మ విరవని మనిషివి, నన్ను అడగడానికి నీకు నోరు రాలేదా?"

"అడిగితే వద్దంటావు."

"అందుకని అడగలేదా? ఓహో! బాగుందయ్యా నీ ప్రజాస్వామ్యం."

"ఈసారి ఓడిపోతే మళ్లీ ఎవరూ ఆపలేరు, ఉంబత్ అమ్మా. నా చేతిలో ఇంకేమీ లేదు."

ఆ మాట దగ్గర నా అనుమానం ఆగిపోలేదు, ఇంకో మెట్టు ఎక్కింది. అడవి మిగలడం కోసం చెట్లిచ్చాడా, ఓట్లు మిగలడం కోసం ఇచ్చాడా? అడవిని దక్కించిన వైబీని ఎవరు ఓడిస్తారు? అదీ నిజమే అయ్యుండొచ్చు, ఇదీ అయ్యుండొచ్చు. మొహం చూసి కనుక్కుందామంటే ఆ మొహం నాకు తెలిసిన మొహంలా లేదు. చీల్చిన పండును అక్కడే వదిలేసి వచ్చేశాను.

మర్నాడే పడవెక్కి దిగువ ఏటి మీదున్న మా అక్క ఇంటికి పోయాను, మొగుడి మొహం చూడకుండా ఉండాలని. అక్కావాళ్లు మొండివాళ్లు. కంపెనీకి ఒక్క చెట్టూ ఇవ్వలేదు, ఒక్క గట్టూ ఇవ్వలేదు. దారి వాళ్ల ఎగువ అడవిలోంచి పోయింది. నేను దిగేసరికి వాళ్ల ఏరు పాలుపోసిన టీ రంగులో ఉంది. రేవులో కాలు పెడితే పాదం కనబడలేదు. అక్క నాకు కాళ్లు కడుక్కోవడానికి వాననీళ్ల పీపాలోంచి ఒక్క చెంబు ముంచి ఇచ్చింది, ఇంకో చెంబు అడుగుతానేమోనని పీపా మీద మూత పెట్టేసింది. నా సొంత అక్క.

"చేపలు?" అని అడిగాను.

"డబ్బాల్లో వస్తున్నాయిగా, బజార్లో" అంది. "నీళ్లు తేటబడతాయంటారు. ఎప్పుడో ఎవరూ చెప్పరు."

వాళ్ల పెరట్లో దురియన్ చెట్లు నిండుగా కాసి ఉన్నాయి. అక్క వాటివైపు చూడను కూడా చూడలేదు. నేను అక్కడ ఉండలేక తిరిగొచ్చేశాను. మొగుడితో మాత్రం మాట్లాడలేదు.

ఇంటి సభ ఆదివారం పొద్దున, ప్రార్థనలయ్యాక, వసారాలో పెట్టారు. కాపలా పాకల్లోంచి అందరూ దిగివచ్చారు. జెరాల్డ్ ఉన్నాడు, పట్నం నుంచి సర్కారు ఆఫీసరొకాయన మోకాళ్లు ముడుచుకోలేక అవస్థ పడుతూ కూర్చున్నాడు. మా ఆయన లేచి సంగతి చెప్పాడు. సభలో మాట్లాడే మనిషి సొంత వసారాలో మాటలు తడుముకున్నాడు.

"అడవిని సర్కారు కాగితంలో పెడితే, పేము తీగ కోసుకోవడానికి ఎవరి కాళ్లు పట్టుకోవాలి వైబీ?" అని మూడో గుమ్మం వాళ్లడిగారు.

"ఎవరివీ అక్కర్లేదు. అడవి ఇంటిది. నరికి అమ్మకూడదు, అంతే."

"ఇంత మంచి బేరం కంపెనీ ఎందుకిచ్చింది? వాళ్లకేం లాభం?"

"ఏటికి దారి వస్తుంది."

"ఎవరి గట్టు మీదినుంచి?" ఎంబువాస్ అత్త గొంతు. "అదొక్కటీ మింగేశావేం నాయనా?"

"మాదే" అన్నాడు. "పాతింటి గట్టు."

కొన్నాళ్లుగా ఆయన్ని దొంగలా చూసిన మొహాలు ఒక్కసారిగా ఏం చెయ్యాలో తెలియక చాపలవైపు చూసుకున్నాయి. తన ఇంటిదే ఇచ్చాడని తెలిస్తే ఇక అనడానికేముంది. అప్పుడు పదమూడో గుమ్మం ముసలాయన ఉమ్మి ఊసి అన్నాడు.

"పెళ్లాం సొమ్ము పంచిపెట్టి పేరు తెచ్చుకోవడం ఎంత సుఖమో! నాకీ తెలివి వయసులో ఉన్నప్పుడు రాలేదర్రా."

అందరూ గొల్లున నవ్వారు. జెరాల్డ్ కూడా నవ్వాడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు నవ్వూ రాలేదు, జాలీ రాలేదు.

కలోమ్ తాత ఒకటో గుమ్మం నుంచి అడగడం మొదలుపెట్టాడు. సరే అన్నారు. రెండోది సరే. మూడు, నాలుగు, ఐదు, ఆరు. కొందరు నావైపు చూసి, ఇచ్చేది వీళ్లే కదా మనదేం పోయింది అన్నట్టు సరే అన్నారు. ఎంబువాస్ అత్త మాత్రం "ఎనిమిదో గుమ్మం చెప్పాక నేను చెబుతా" అంది.

"ఎనిమిదో గుమ్మం?"

మా ఆయన నోరు తెరిచాడు. కలోమ్ తాత చెయ్యెత్తి ఆపాడు. "నువ్వు కాదు వైబీ. గుమ్మాన్ని అడుగుతున్నా."

అక్క పీపా మీద పెట్టిన మూతే నా కళ్లముందు ఉంది. చెట్లు నావి. నీళ్లు నావొక్కదానివే కావు, ఎంబువాస్ అత్తవి, ఆమె కొడుకులవి, నన్నింకా అత్తా అని పిలవని పిల్లలవి. ఏడవకూడదనుకున్నాను, ఏడవలేదు.

"ఇస్తున్నాం" అన్నాను. "పండ్లన్నీ వాటంతటవి రాలేదాకా కత్తి తగలకూడదు. జెరాల్డ్, విన్నావా?"

"విన్నానత్తా."

కలోమ్ తాత కళ్లు చిట్లించి చూశాడు. "ఈ మాట వైబీదా, గుమ్మానిదా?"

"గుమ్మానిది. వైబీని నేనింకా అడగలేదు."

ఈసారి వసారా కప్పు లేచిపోయేలా నవ్వారు. సర్కారు ఆఫీసరు అర్థంకాక పక్కవాణ్ణి అడిగి ఆలస్యంగా నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. నావైపు చూశాడు, తల వంచాడు. ఎంబువాస్ అత్త "ఏడో గుమ్మం సరే" అని గొణిగి, లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. మిగిలిన గుమ్మాలూ వరసగా సరే అన్నాయి.

శాసనసభ రద్దయ్యేలోపలే కాగితం వచ్చింది. కంపెనీ మాట తప్పలేదు, చివరి పండు రాలేదాకా ఆగారు. రంపాలు వచ్చిన రోజు మా ఆయనకు ప్రచారం ఉంది. "అది రేపు" అని చెయ్యి పట్టుకొని గట్టు మీదికి తీసుకెళ్లాను. దొంగచెట్టు పడుతున్నప్పుడు మొహం తిప్పుకున్నాడు. "చూడు" అన్నాను. చెవిటిచెట్టు పడేదాకా చూశాడు. ఆ చెట్టుకూ చప్పుడు వచ్చింది. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటే నేను చెంగు ఇవ్వలేదు.

గెలిచాడు. ఏటి పొడుగునా వైబీ అడవిని దక్కించాడనే మాటే. అడవి అంచున బోర్డు పెట్టారు, నీళ్లు ఇప్పటికీ అడుగున రాయి కనబడేంత తేటగా ఉన్నాయి. ఓట్లు లెక్కపెట్టినప్పుడు మా ఇంటి పెట్టెలో ఆయనకు వ్యతిరేకంగా పడింది ఒకే ఒక్క ఓటు. ఎవరిదా అని వసారాలో చాన్నాళ్లు ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. పదమూడో గుమ్మం ముసలాయన, నాది కాదని అడగనివాళ్లకు కూడా ఒట్టేసి చెప్పాడు.

మా ఆయన మళ్లీ నిలబడలేదు. ఇంట్లోనే ఉంటున్నాడు, అడవి చుట్టూ తిరుగుతాడు, ఏ చిన్న పనికైనా ముందు నన్నడుగుతాడు, పొయ్యిలో కట్టె పెట్టాలన్నా. నేను అన్నం వడ్డిస్తుంటే నా మొహంలో ఏదో వెతుకుతుంటాడు. ఉండబట్టలేక ఎప్పుడో ఒకప్పుడు అడిగేస్తాడు.

"ఆ ఒక్కటీ నీదేనా?"

"ఓటు రహస్యమనీ, కట్టుకున్నవాడు అడిగినా చెప్పక్కర్లేదనీ ఈ ఏటి వెంట ఆడవాళ్లందరికీ నేర్పింది నువ్వే కదా ఉంబత్ నాన్నా" అంటాను.